పట్టాల కింద ముగ్గు

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను. నాగర్‌కర్నూల్‌లో మా ఎంపీ గారి ఆఫీసు ఉంది. అందులో కిటికీ పక్క బల్ల నాది. జనం తెలుగులో బాధపడతారు, ఆ బాధను నేను ఇంగ్లిష్‌లోకి దింపుతాను. దింపేటప్పుడు ఇంగ్లిష్ కూడా కొంత బాధపడుతుందని ఢిల్లీలో ఎవరో అన్నారట. నా చెవిన పడలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

అంతకుముందు వనపర్తిలో ఒక కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. గెస్ట్ లెక్చరర్‌ని. తిథి చూడకుండా వచ్చేవాడు అతిథి అంటారు కదా, నన్ను తిథి చూడకుండా పంపించేశారు. ఎలా చూసినా అతిథినే. తర్వాత ఈ ఆఫీసులో ఇంగ్లిష్ రాసేవాళ్లు కావాలంటే వచ్చి చేరాను. రోజూ బిజినేపల్లిలో బస్సెక్కుతాను. నేను వచ్చేసరికి వరండాలో జనం కూర్చుని ఉంటారు.

వాళ్లు తెచ్చే దరఖాస్తులు నా చేతికి వస్తాయి. కరెంటు స్తంభం వంగింది, కొడుక్కి నౌకరీ కావాలి, గట్టు దగ్గర అన్నదమ్ములకు పడడం లేదు, కోడలు మాట్లాడడం లేదు. చాలావాటికి ఢిల్లీ అక్కర్లేదు. కొన్ని హైదరాబాద్‌కు పోవాలి, ఎక్కువ భాగం ఇంటికి పోయి కూర్చుని మాట్లాడుకోవాలి. పార్లమెంటులో మాట్లాడదగ్గవి ఎప్పుడో ఒకటీ అరా వస్తాయి. అలాంటిది వచ్చినప్పుడు మాత్రం నాకు చిన్నపిల్లలా కుతూహలం పుడుతుంది. ఇక్కడ వరండాలో చెప్పులు విప్పి లోపలికి వచ్చిన మాట, అక్కడ అంత పెద్ద సభలోకి ఎలా వెళుతుంది? దారిలో ఏమవుతుంది? అదే మాటగా చేరుతుందా?

ఆ సంగతి మా చిన్నమ్మ వల్ల నాకు తెలిసొచ్చింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. గద్వాలకూ వనపర్తికీ మధ్య రైలు పట్టాల పక్క ఊరు. చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఉడకబెట్టిన పల్లీల సంచితో ఆఫీసులోకి వచ్చింది. వచ్చీ రావడంతోనే నా బల్లను, కుర్చీని, పైకప్పును పరిశీలించింది.

"ఏం బిడ్డా, కుర్చి ఇచ్చిండ్రు గానీ ఫ్యాన్ ఇయ్యలేదా?"

"చలికాలం కదా చిన్నమ్మా."

"ఇయ్యాల చలికాలం. ఎండకాలం రాదా? ఇప్పుడే అడిగి పెట్టుకో. అడగనోళ్లకు ఎవలిస్తరు?"

అడగడం గురించి చిన్నమ్మకు అంత ధీమా ఉన్నా, తన కోసం అడగడానికి వచ్చినట్టు చెప్పడానికి పల్లీలు సగం అయిపోయేదాకా ఆగింది.

చిన్నమ్మ, చిన్నాయన పెళ్లయిన కొత్తలో బొంబాయి పోయారు. తర్వాత పుణె, తర్వాత ఇంకెక్కడెక్కడో. మట్టి తవ్వడం, తట్ట మోయడం. చిన్నాయన నడుము దెబ్బతిన్నాక తిరిగొచ్చారు. అప్పుడే వాళ్ల ఊరికి కాలువ నీళ్లు రావడం మొదలైంది. పట్టాల అవతల ఒక పటేలుకు రెండెకరాలుంటే చిన్నమ్మ కౌలుకు తీసుకుంది. ఇన్నేళ్లు ఇతరుల మట్టి తవ్విన మనిషి మొదటిసారి తన చేత్తో నాటు వేసింది. ఆ ఏడు మా ఇంటికి బియ్యం పంపుతూ, "మన మడివి" అని చెప్పి పంపింది. మడి పటేలుది, నీళ్లు కాలువవి. అయినా ఆ 'మన'ను మా ఇంట్లో ఎవరూ దిద్దలేదు.

ఊరికీ మడికీ మధ్య రైలు పట్టాలు. చిన్నమ్మకు భూమి పట్టా లేదు, దాటాల్సినవి మాత్రం పట్టాలు. పూర్వం అక్కడ గేటు ఉండేది. రైలు వచ్చినప్పుడల్లా ఎద్దులూ ట్రాక్టర్లూ ఆగి చూస్తుండేవి. గేటు తీసి పట్టాల కిందుగా దారి వేయమని ఊరంతా అడిగింది, వేశారు. కాగితాల్లో దాని పేరు అండర్‌పాస్. ఊళ్లో మాత్రం బొంద అంటారు. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత అందులో నీళ్లు నిలవడం మొదలైంది.

"ఎంత నీళ్లు?" అన్నాను.

"బర్రె దిగితే ఎక్కుతలేదు. దానికి సల్లగుంటది మరి, కూసుంటది. ట్రాక్టరోడు రానంటుండు. పట్టాల మీదికెల్లి ఎక్కి దాటుతున్నం. మొన్న దూడను ఎక్కిస్తుంటే బండి కూత వినవడ్డది. నా పానం నా చేతుల లేదు బిడ్డా."

"పటేలు ఏమంటున్నాడు?"

చిన్నమ్మ పల్లీ తొక్కలన్నీ ఏరి సంచిలో వేసుకుంది. "దాటనీకె రానిదానికి నీకు కౌలెందుకు అంటుండు. ఉగాది దాక చూస్తడంట. బొంద గిట్లనే ఉంటే అవతలి ఊరోళ్లకు ఇస్తడంట. వాళ్లకు బాట ఉన్నది. ఆయన తప్పు గూడ లేదు." సంచి మూతి ముడేస్తూ, "మల్ల తట్ట ఎత్తాల్నా?" అంది. ఆ ప్రశ్న నన్ను అడిగిందో, కిటికీని అడిగిందో తెలియలేదు. నడుము పోయిన చిన్నాయనను ఇంట్లో వదిలి ఒక్కతే బొంబాయి పోవడం అంటే ఏమిటో మాత్రం ఇద్దరికీ తెలుసు.

రైలు పట్టాల సంగతి కాబట్టి అది ఢిల్లీ దరఖాస్తే. నేను ఉత్సాహంగా రాసి ఎంపీ గారి ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, చాలాసేపు నవ్వారు.

"అమ్మా, మా నాయిన కాలం సంది మన పాలమూరోళ్లు అడిగింది ఒక్కటే, నీళ్లు. ఎలక్షన్ల ముందు నీళ్లు, ఎలక్షన్లయినంక నీళ్లు. ఇప్పుడు నేను పార్లమెంటుల నిలవడి, అధ్యక్షా, మాకు నీళ్లెక్కువైనయి, జర తీస్కపోండ్రి అంటే ఏమైతది? మీకు ఎక్కువైనయా అని ఉన్న కాల్వ గూడ బంద్ వెడ్తరు."

"మరి ఎట్లా సర్?"

ఆయన ఆలోచించారు. "వాన అని రాయి. వాన అందరి మీద పడ్తది, నింద ఎవరి మీద పడదు."

వానాకాలంలో నీళ్లు నిలుస్తున్నాయని రాశాను. అబద్ధం కాదు. వానాకాలంలో కూడా నిలుస్తాయి. 'కూడా' ఒక్కటే మానేశాను. ఇంగ్లిష్‌లో వాక్యం కురచగా, అందంగా వచ్చిందని నాలో నేను మెచ్చుకున్నాను కూడా.

ప్రశ్నల సమయం అయ్యాక సభ్యులు తమ ప్రాంతం గోడు చెప్పుకునే వేళను జీరో అవర్ అంటారు. మన పత్రికలు శూన్యకాలం అని రాస్తాయి. శూన్యమాసంలో పెళ్లిళ్లు చేయరు గానీ, మా ఆఫీసు శుభకార్యాలన్నీ ఈ శూన్యకాలంలోనే. దానికి కూడా ముహూర్తం మన చేతిలో ఉండదు. ముందు నోటీసు ఇవ్వాలి, అందరి పేర్లూ చీటీలు వేసి తీస్తారు, మన పేరు రావాలి. ఈ మాట ఫోన్లో చెబితే చిన్నమ్మకు పార్లమెంటు మీద ఒక్కసారిగా నమ్మకం కలిగింది.

"చీటి పాటనా! గట్ల చెప్పు. ఎవలి చీటి ఎప్పుడు లేస్తదో ఎవలికి తెల్సు. ఓపిక పడ్తం."

చీటీ లేచింది. ఆ రోజు నేను ఆఫీసులో టీవీ ముందు, చిన్నమ్మ ఊళ్లో ఎవరిదో ఫోన్ ముందు కూర్చున్నాం. ఎంపీ గారు లేచి నిలబడ్డారు. నా కాగితం చదివారు. ఊరి పేరు వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆ పేరు ఆ గదిలో అంతకు ముందు ఎవరూ అని ఉండరు. ఆయన ఇంకా ఏదో అనబోతుండగా మైకు ఆగింది, మరొకరు లేచారు. పల్లీ ఒలిచి నోట్లో వేసుకున్నంత సేపు పట్టిందేమో.

వెంటనే ఫోన్ మోగింది. "బిడ్డా, సారు లేసిండు, సదివిండు, కూసున్నడు. అయిపాయెనా?"

"అయిపోయింది చిన్నమ్మా."

"మా ఊరు పేరు అందరం విన్నం. బొంద నీళ్ల గురించి ఏమన్నడు?"

"వాటర్ లాగింగ్ అన్నారు."

"లాగుతరంటనా? మంచిదే మరి. ఏ మోటరు తోని?"

దీనికి సరైన జవాబు ఇంగ్లిష్ ఎమ్మేలో ఎక్కడా చెప్పలేదు.

మాట ఊరికే పోలేదు. కొన్ని వారాల తర్వాత రైల్వే ఇంజనీరు ఒకాయన చూడడానికి వస్తున్నాడని కబురొచ్చింది. మర్నాడే. నేను చిన్నమ్మకు ఫోన్ చేసి సంతోషంలో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "రేపు ఆఫీసరు వస్తున్నారు. నేనూ వస్తాను. అంతా తయారుగా ఉంచు."

"నువ్ పరేషాన్ గాకు. మాట రాకుంట చూస్కుంట" అంది చిన్నమ్మ.

ఏం తయారు చేయాలో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. చుట్టం వస్తున్నాడంటే ఏం చేయాలో ఒకరు చెప్పాలా?

మర్నాడు వనపర్తి దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నాను. ఊరు దాటి పట్టాల దగ్గర దిగేసరికి ఆడవాళ్లు పదిమంది దాకా కొత్త చీరల్లో నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక అండర్‌పాస్. అందులో చుక్క నీరు లేదు. నేల కడిగి ఉంది. రెండు పక్కల గోడలకు తెల్లగా సున్నం. దిగే చోట పెద్ద ముగ్గు, మధ్యలో పసుపు, కుంకుమ. మా పెళ్లిలో కూడా అంత పెద్ద ముగ్గు వేయలేదు.

 చిన్నమ్మ మొహం వెలిగిపోతోంది.

"ఎట్లున్నది?"

"నీళ్లేవి చిన్నమ్మా?"

"తోడినం. నిన్న పొద్దుమూకే యాళ్లకు మా మరిది మోటరు పెట్టిండు. తోడుడు, బురద ఎత్తుడు, కడుగుడు... నడుములు పడిపోయినయనుకో."

"గోడ మీద నీళ్ల చార ఉండి ఉంటుంది కదా. ఎంత ఎత్తు వచ్చాయో తెలిసేది."

"గలీజుగుంటే సున్నం కొట్టినం."

"చిన్నమ్మా, నీళ్లున్నాయని చూపించడానికే కదా ఆయన్ను పిలిచింది!"

చిన్నమ్మ నా వైపు విడ్డూరంగా చూసింది. "అంత దూరం నుంచి ఒక మనిషి మన ఊరికి వస్తుంటే గలీజు నీళ్లు చూపెడ్తమా? సుట్టమొస్తుంటే ఇల్లు అలుక్కోమా? నీళ్ల సంగతి నోటితోని చెప్తే నమ్మడా?" అని, నా మొహం చూసి, గొంతు తగ్గించింది. "నమ్మడా బిడ్డా?"

జవాబు చెప్పేలోగా జీపు వచ్చింది. ఇంజనీరు నడివయసు మనిషి, మర్యాదస్తుడు. తనది రాయచూరు వైపు అని చెప్పుకున్నాడు. తెలుగు బాగానే వచ్చు గానీ, ఆశ్చర్యం వేసినప్పుడు కన్నడం ముందు వచ్చేస్తుంది. ముగ్గు తొక్కకుండా పక్కగా దిగి, అటూ ఇటూ చూశాడు.

"నీరు ఎల్లి? నీళ్లెక్కడమ్మా?"

ఒకప్పుడు పత్తి ఏరడానికి రాయచూరు వైపు పోయిన మనిషి కాబట్టి చిన్నమ్మకు ఆ మాట అర్థమైంది. "తోడినం సారు."

"యాకె? ఎందుకు?"

"మీరొస్తున్నరని."

ఆయన నన్ను చూశాడు. నేను సున్నాన్ని చూశాను. ఆయన టేపు పెట్టి కొలిచాడు, ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, మెల్లగా, "మేడం, నా సర్వీసులో ఇంత శుభ్రమైన అండర్‌పాస్ చూడలేదు. కానీ నేను చూసిందే రాయాలి. ఈ ఫోటో చూస్తే పైవాళ్లు ఏమంటారో మీకే తెలుసు" అన్నాడు.

నాకు తెలుసు. పటేలు ఏమంటాడో కూడా తెలుసు. చిన్నమ్మకు మాటలు వినిపించకపోయినా సంగతి అర్థమైంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. పొద్దుటి వెలుగు మొహంలోంచి పోయింది. అయినా ఆయన జీపు వైపు కదలగానే అడ్డం వచ్చింది.

"సారు, తినకుంట పోతరా?"

"లేదమ్మా, ఇంకో చోటికి పోవాలి."

"గట్ల అనకుండ్రి. పని అయినా కాకున్నా అన్నానికి కోపమేంది? నా మడికాడ అన్నీ పెట్టిన. ఇగో, గీ బొందలకెల్లి నాలుగు అడుగులు. మా మడి సూడకుంట ఎట్ల పోతరు?"

తప్పించుకునే దారి లేదు. జీపు ఇవతలే ఉంచి, ముగ్గు పక్కగా దిగి, తెల్లగోడల మధ్య నుంచి నడిచి అవతలికి పోయాం. గట్టు మీద వేపచెట్టు కింద గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, పల్లీల పొడి, ఒక బోగిణిలో కోడికూర. ఎదురుగా చిన్నమ్మ వేసిన నాటు అప్పుడే పచ్చబడుతోంది. ఇంజనీరు రెండు రొట్టెలు చాలని మూడోది అడిగి వేయించుకున్నాడు. తమ ఊళ్లో ఇంకా కాలువ రాలేదని, తన తండ్రి ఇప్పటికీ జొన్నే వేస్తాడని చెప్పాడు. చిన్నమ్మ బొంబాయి సంగతులు చెప్పింది. తాను మట్టి తట్టలు మోసిన చోట ఇప్పుడు ఎంతెత్తు మేడ ఉందో మెడ వెనక్కి వంచి చూపించింది. అండర్‌పాస్ మాట ఎవరూ ఎత్తలేదు. అతిథి ముందు అప్రియం మాట్లాడకూడదని వాళ్లు. ఏం మాట్లాడాలో తెలియక నేను.

తిని, చేయి కడుక్కుని, వక్క నోట్లో వేసుకుని తిరిగొచ్చాం. ముందు నడుస్తున్న ఇంజనీరు దిగువన ఆగిపోయాడు.

అండర్‌పాస్‌లో నీళ్లు. చీలమండలు మునిగే లోతు. అవతలి ఒడ్డున ముగ్గు సగం కరిగిపోయి, పసుపూ తెలుపూ కలిసి సుడి తిరుగుతోంది.

అందరికంటే ముందు చిన్నమ్మ కంగారుపడింది. "అయ్యో సారూ! మన్నించుండ్రి. పొద్దుగాల సాపు కడిగినం, మల్ల వచ్చినయి. ఇంత జల్ది వస్తయని మాకు తెల్వదు!"

నిజంగానే తెలియదు. అంతకు ముందు ఎప్పుడూ ఎవరూ దాన్ని ఎండేలా తోడలేదు కాబట్టి, ఎంతసేపట్లో నిండుతుందో చూసినవాళ్లు లేరు.

ఇంజనీరు తల ఎత్తి ఆకాశం చూశాడు. మబ్బు తునక లేదు. "మేడం, మీ ఎంపీ గారు వాన అన్నారు కదా?"

నేనూ ఆకాశం చూశాను, అది నా తరఫున ఏమైనా మాట్లాడుతుందేమోనని.

ఆయన జీపు అవతల ఉంది. పైన పట్టాలు ఉన్నాయి, ఊరంతా దాటుతున్నట్టే దాటొచ్చు. చిన్నమ్మ మరిది అదే దారి చూపించాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేనే దాటితే రేపు ఎవర్ని ఆపమంటారు?" బూట్లు విప్పి చేత పట్టుకుని, ప్యాంటు మడిచి, నీళ్లలో దిగాడు. మధ్యకు పోయాక ఆగి, గోడ మీద అరచేయి పెట్టాడు.

అప్పుడు చూశాం. పొద్దున కొట్టిన సున్నం ఒక పక్క గోడ మీద చెక్కుచెదరలేదు. కాలువ వైపు గోడ మీద మాత్రం, రాళ్ల అతుకులున్న ప్రతిచోటా, చారలు చారలుగా కిందికి కారుతోంది. ఎక్కడెక్కడి నుంచి నీరు ఊరుతోందో గీసి చూపించినట్టు. సున్నం లేకపోతే ఆ తడిగోడలో ఏది పాత తడో ఏది కొత్త తడో ఎవరికీ తెలిసేది కాదు. ఇంజనీరు బూట్లు వెనకే దిగిన చిన్నమ్మ మరిది చేతికిచ్చి, ఒక్కో చారనూ దగ్గర నుంచి ఫోటో తీశాడు.

"సారు, మల్ల తోడుమంటరా?" అంది చిన్నమ్మ ఒడ్డు నుంచి, ఇంకా సిగ్గుతోనే.

"వద్దమ్మా! బరలి బిడి. రానీ, రానీ."

నేనూ దాటాక, అవతలి ఒడ్డున బూట్లు తొడుక్కుంటూ ఆయన నాకు విషయం చెప్పాడు. ఎవరి తప్పూ లేదు. దారి కట్టినప్పుడు పక్కన ఎండిన చేలు. తర్వాత కాలువ వచ్చింది, చేలు మడులయ్యాయి, మడుల్లో నిలిచిన నీరు నేలలో ఊరి పల్లానికి వస్తోంది. "మీరు వాన అన్నారు కాబట్టి మావాళ్లు పైన రేకుల కప్పు వేద్దామనుకున్నారు. కాగితం కూడా తయారైంది."

గోడలోంచి వచ్చే నీళ్లకు గొడుగు అన్నమాట. నేను మానేసిన ఆ ఒక్క 'కూడా' ఎంత పెద్ద కప్పు అయి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

"గోడ వెనక కాలువ తీసి నీటిని పక్కకు మళ్లించాలి. నేను రాస్తాను. కానీ పైన వాళ్లు సభలో వచ్చిన మాటకే జవాబు చూస్తారు. మీ ఎంపీ గారి మాట కూడా మారితే నా పని తొందరగా అవుతుంది."

ఉగాది ఎంతో దూరం లేదు.

ఎంపీ గారు ఢిల్లీ నుంచి వచ్చిన రోజున చిన్నమ్మ బిజినేపల్లి మీదుగా వచ్చే బస్సులో నాగర్‌కర్నూల్ వచ్చింది. నేను జరిగింది చెప్పాను. ముగ్గు దగ్గర ఆయన నవ్వారు, మూడో రొట్టె దగ్గర నవ్వారు, 'మాట మారాలి' అన్న చోట నవ్వు ఆపారు.

"మొన్న వాన అంటిని. ఇయ్యాల కాదు, కాల్వ అంటే ఎట్లుంటదమ్మా? అక్కడ ప్రతి మాట రాసి పెడ్తరు. నీళ్లెక్కువైనయని పాలమూరు ఎంపీయే అన్నడని రేపు నా మీదనే ఏస్తరు."

 ఆఫీసులో నాది అతిథి గొంతే. చిన్నమ్మ మాత్రం కుర్చీ అంచు నుంచి కొంచెం ముందుకు జరిగింది.

"సారు, ఒక మాట అంట, కోపం చేయకుండ్రి. మేము బొంబాయిల ఉన్నప్పుడు, మీ ఊర్ల నీళ్లు లేవా, గింత దూరం వచ్చిండ్రు అని అందరు అడుగుతుండ్రి. లేవు అని చెప్తుంటిమి. తల వంచుకొని చెప్తుంటిమి. ఇప్పుడు వచ్చినయి. వచ్చినయని చెప్పనీకె గూడ తల వంచుకోవాల్నా?"

ఎంపీ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఈ మాట ఇంగ్లిష్‌ల రాయొస్తదా అమ్మా?"

రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను. ఇంగ్లిష్‌లో చిన్నమ్మ తల ఎత్తుతోంది గానీ, ముందు వంచిన తల కనబడడం లేదు. సాయంత్రానికి చెత్తబుట్ట నిండింది. ఆయన వచ్చి చూసి, "ఇడ్సిపెట్టమ్మా. ముందే చెప్పి పెట్టుకుంటే అక్కడ తెలుగుల గూడ మాట్లాడొచ్చు. మాట మార్చెటోళ్లు, ఇంగ్లిష్‌ల చెప్పెటోళ్లు అక్కడనే ఉంటరు" అన్నారు. వనపర్తి తర్వాత నా ఇంగ్లిష్‌కు ఇది రెండో సెలవు. ఈసారి బాధ కలగలేదు.

చీటీ మాత్రం లేవలేదు. ఒక రోజు, ఇంకో రోజు. చిన్నమ్మ రోజూ ఫోన్ చేసి ఒక్క మాటే అడిగేది, "లేసిందా?" పటేలు అవతలి ఊరివాళ్లతో మాట్లాడుతున్నాడని కూడా ఒక రోజు చెప్పింది, ఎవరి సంగతో చెప్పినట్టు. ఆ తర్వాతి వారం ఎంపీ గారి పేరు వచ్చింది.

మళ్లీ టీవీ ముందు నేను. ఎంపీ గారు లేచారు. చేతిలో కాగితం లేదు. "అధ్యక్షా, పోయినసారి నేను వాన నీళ్లని చెప్పిన. వాన కాదు. అవి మా కాల్వ నీళ్లు. మా తాతలు అడిగిన నీళ్లు, ఇప్పుడొచ్చినయి. ఆ నీళ్ల తోని నాటు ఏసిన ఒక చెల్లె, మడికి పోనీకె బాట లేక, మల్ల బొంబాయి పోవాల్సొస్తదని భయపడుతున్నది. మాకు నీళ్లు తక్కువ చేయమంటలేను. బాట ఒక్కటి పక్కకు..." మైకు ఆగింది. ఆయన పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఏమంటున్నారో నేను చదవలేకపోయాను, కానీ చేత్తో ఏదో పక్కకు మళ్లిస్తున్నట్టు చూపించారు.

ఫోన్ మోగింది. చిన్నమ్మే. వెనక ఊరి ఆడవాళ్ల గోల వినిపిస్తోంది. "చెల్లె అన్నడు" అంది.

ఉగాదికి కొద్ది రోజుల ముందు ఇంజనీరు మళ్లీ వస్తున్నాడని తెలిసింది. ఈసారి గోడ వెనక తవ్వకానికి గుర్తులు పెట్టడానికి. నేను ఫోన్ చేసి మొదట చెప్పిన మాట, "చిన్నమ్మా, ఏమీ తయారు చేయకు."

నేను పోయేసరికి అండర్‌పాస్‌లో నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి, బర్రె అందులో హాయిగా కూర్చుని ఉంది. సున్నం చారలు ఎండి అలాగే ఉన్నాయి. నీళ్లు తోడలేదు గానీ, నీళ్లందని ఎత్తులో, జీపు ఆగే చోట, చేతెడు ముగ్గు. నేను దాన్ని చూడడం చూసి చిన్నమ్మ మొహం తిప్పుకుంది.

"ఊకె ఉండబుద్ధి గాలేదు" అంది.

ఇంజనీరు మనుషులు గోడ వెనక మేకులు పాతి, తాడు లాగి, సున్నంతో గీత గీశారు. తవ్వకం పూర్తయ్యేసరికి వానలొస్తాయని, అప్పటిదాకా మోటరు ఒకటి పెడతామని ఆయన చెప్పాడు. అంతా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. వాళ్లలో తెల్ల పంచె కట్టుకున్న ముసలాయన పటేలని నాకు తర్వాత తెలిసింది. ఆయన గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసుకున్నాడు. తర్వాత బర్రెను చూశాడు. చివరికి జీపు దగ్గరి ముగ్గును చూశాడు.

"ఓ అమ్మా" అన్నాడు చిన్నమ్మతో, "ఈ యేడు గూడ నువ్వే చేస్కో. బొందకు ముగ్గేసెటోళ్లు నాకు ఇంకెవ్వలు దొరుకుతరు?"

 చిన్నమ్మ కొంగు నడుముకు చుట్టి, నీళ్లలోకి దిగి, బర్రెను లేపడం మొదలుపెట్టింది. అది లేవలేదు. ఆమె దాన్ని తిడుతూ, తోస్తూ, నవ్వుతూ ఉంది. నేను ఎండకు కొంగు తల మీద వేసుకుని ఒడ్డున నిలబడ్డాను.

"బిడ్డా," అంది చిన్నమ్మ మోకాలిలోతు నీళ్లలోంచి, "ఎండలు ముదిరినయి. ఫ్యాన్ అడిగినవా?"